మీసం ఉంచి గడ్డం తియ్యమని చైనీస్‌లో చెప్పడం ఎలా

2013లో మా మేనమామ నన్ను ఈవూ పంపించాడు. చైనాలో జెజియాంగ్ ప్రావిన్సులో ఉన్న ఊరది. హెయిర్ క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, గిల్టు నగలు, తాళంచెవుల గొలుసులు, ఇలాంటి చిల్లర సరుకు కోసం ఎక్కడెక్కడి ఫ్యాన్సీ షాపులవాళ్లూ అక్కడికే వస్తారు. బెజవాడ బీసెంట్ రోడ్డులోని మామ షాపుకి సరుకు చూసి, బేరమాడి, కంటైనర్‌లో వేయించడం నా పని. అప్పటికి నాకొచ్చిన చైనీస్ అంతా అంకెలు, రంగులు, "ఇంకాస్త తగ్గించు".

మూడో నెలలో గడ్డం బాగా మాసి దురదపెడుతుంటే సందు చివర ఉన్న ఒక ముసలాయన షాపుకి వెళ్లాను. పెద్ద పెద్ద సెలూన్లలో కుర్రాళ్లు జుట్టుకి రంగులైతే వేస్తారు గానీ గడ్డం గియ్యమంటే తల అడ్డంగా ఊపేవాళ్లు. ఈయన దగ్గర చర్మపు పట్టీ మీద నూరే కత్తి ఉంది. ముందు రోజు రాత్రి ఫోన్‌లో వెతికి బట్టీపట్టిన మాట అప్పజెప్పాను: "హూ-జ గ్వా-ద్యావ్." గడ్డం గీసెయ్యి అని నా ఉద్దేశం. కుర్చీ వెనక్కి వాల్చాడు, వేడి తువ్వాలు మొహం మీద కప్పాడు, నురగ పట్టించాడు. హాయిగా కళ్లు మూతపడ్డాయి. పై పెదవి మీద చల్లగా ఒక గీత పడింది. కళ్లు తెరిచేసరికి సగం మీసం కత్తి మీద ఉంది. మిగతా సగం ఉంచుకుని ఏం చేస్తాను?

ఆ రాత్రి స్కైప్‌లో అమ్మ నన్ను చూసి ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత, "మీ నాన్న నిక్షేపంలా ఉండగా ఆ మూతేంట్రా, దరిద్రుడా!" అని అందుకుంది. వెనక కుర్చీలో నాన్న పడీపడీ నవ్వుతున్నారు.

తప్పు ఆ ముసలాయనది కాదు. నేనడిగిందే ఆయన చేశాడు. ఈ గైడు మొత్తానికీ కీలకం ఆ ముక్కే: చైనీస్‌లో రోజువారీ మాటగా మీసానికీ గడ్డానికీ ఒకటే పదం. హూ-జ అంటే ముక్కు కింద నుంచి చెంపల దాకా, గొంతు దాకా, మొహం మీద మగవాడికి మొలిచే సమస్తం. మీసం అనే మాటని తలలోంచి తీసి అవతల పెడితే తప్ప ఈ భాషలో మొహం వర్ణించలేం.

ముందు పలకడం సంగతి. పదాల పక్కన బ్రాకెట్లో అంకెలు వేస్తున్నాను, అవి స్వరాలు. 1 అంటే ఎత్తుగా, కదలకుండా, పిల్లలు ఎక్కాలు అప్పజెబుతూ సాగదీసినట్టు. 2 అంటే కింది నుంచి పైకి, సరిగ్గా వినబడక "ఆఁ?" అన్నట్టు. 3 అడుక్కి దిగుతుంది, ఇష్టం లేకుండా "ఊఁ..." అన్నట్టు. 4 పైనుంచి కిందికి కొట్టినట్టు, "పో!" అన్నట్టు. 0 అంటే స్వరం లేకుండా తేలిగ్గా వదిలెయ్యడం. హూ-జ (2-0)లో జ మన జడ, జల్లెడల్లో పలికే జ. బెజవాడవాళ్లకి పుట్టుకతో వచ్చేదే. ప, త, క, చ వచ్చినచోట కాస్త గాలి బయటికి తన్నండి, ఒత్తు ఉన్నట్టు. హూ ని 2లో కాకుండా 3లో అంటే పులి అవుతుంది. "తెల్లగడ్డం తాత" అనబోయి "తెల్లపులి తాత" అన్నాను ఒకసారి, ఆ తాత ఎదురుగానే. ఆయన సంతోషించాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు మంగలి షాపు. ఆరేళ్లలో నేను ఎక్కువసార్లు వాడిన వాక్యం ఇది, రాసి పెట్టుకోండి:

షాంగ్-మ్యెన్ ద ల్యో-జ, శ్యా-మ్యెన్ ద గ్వా-ద్యావ్. (4-4-0, 2-0, 4-4-0, 1-4)

పైది ఉంచు, కిందిది గీసెయ్యి. మీసం, గడ్డం అన్న పేర్లే లేవు చూడండి. పైన, కింద, అంతే. చెబుతూ వేలు పై పెదవి మీద పెట్టి చూపించండి. మొహమాటం అక్కర్లేదు, నా మూతి మీద జరిగిన ఘోరం మీకు జరక్కూడదు.

ఈ వాక్యంలో రెండు క్రియలున్నాయి, రెండూ బంగారమే. గ్వా (1) అంటే గీకడం. చేప పొలుసు గీకడానికీ అదే మాట. మనం "గడ్డం గీసుకోవడం" అంటామే, అచ్చంగా అదే ఊహ. ల్యో (2) అంటే ఉంచడం, ఆపుకోవడం. వెళ్లబోయే చుట్టాన్ని "ఈ పూట ఉండండి" అని ఆపడానికీ ఇదే వాడతారు. కాబట్టి ల్యో హూ-జ అంటే కావాలని పెంచుకోవడం. దానంతటది మొలవడం వేరు, దానికి జాంగ్ (3). నాలుగు రోజులు బద్ధకించి గీసుకోకపోతే అది ల్యో కాదు. మా మెటీరియల్ ఏజెంటు ఒకతను జ్వరంతో పడి లేచి వస్తే, పలకరింపుగా "గడ్డం పెంచుతున్నావా" అనే అర్థం వచ్చేలా ల్యో వాడాను. అతను సీరియస్‌గా లేదు లేదంటూ జ్వరం సంగతంతా చెప్పుకొచ్చాడు.

కొంచెం కత్తిరించి సరిచెయ్యమంటే "శ్యో ఈ-శ్యా" (1, 2-4). ముట్టుకోవద్దనాలంటే "బ్యె గ్వా" (2, 1), గీయకు అని. ఈ రెండో మాటని వెంటనే అనగలిగేలా నాలుక మీద పెట్టుకోండి. కత్తి మూతి మీదికి వచ్చాక వాక్యం కట్టుకునే తీరిక ఉండదు.

మన భాష పెట్టే చిక్కు ఇంకొకటుంది. తెలుగులో గడ్డం అంటే వెంట్రుకలూ గడ్డమే, అవి మొలిచే చోటూ గడ్డమే. చైనీస్‌లో చోటు పేరు శ్యా-బ (4-0). "అమ్మ గడ్డం పట్టుకుని బతిమాలింది" అన్న మాటని హూ-జతో చెప్పానంటే మా అమ్మ నా గడ్డం పీకినట్టు అర్థమవుతుంది. చెంప, దవడ కలిసిన చోటు సాయ్ (1). చెవి ముందు దిగే జుట్టు బిన్-జ్యావ్ (4-3), దాన్ని ఎంత పొడవు ఉంచాలని మంగలి అడుగుతాడు. తల జుట్టుకి తో-ఫ (2-0), ఒంటి మీది రోమాలకి మావ్ (2). ఈ మూడింటినీ కలపకండి. మొహం మీదున్నదాన్ని మావ్ అంటే కోతినో పిల్లినో వర్ణించినట్టుంటుంది.

ఇక ఆకారాలు. ఇక్కడ చైనీస్‌వాళ్లకి రాతే సాయం. ఎనిమిది అంకెని వాళ్లు రెండు వాలు గీతలుగా రాస్తారు, పాక కప్పు రెండు పక్కలా దిగినట్టు. మీసం అలా రెండు పాయలై కిందికి వాలితే బా-జ్-హూ (1-4-2), ఎనిమిది అక్షరపు మీసం. ఒకటి అంకె అడ్డగీత. మీసాన్ని రెండు కొసలా సమంగా కత్తిరిస్తే ఈ-జ్-హూ (1-4-2), ఒకటి అక్షరపు మీసం. ఆధునిక చైనా రచయితల్లో అందరికన్నా పెద్ద పేరున్న లూ షున్ ఫొటో ఎప్పుడైనా చూస్తే గుర్తుంటుంది, ఆయనది ఇదే. కొసలు పైకి ఉంటే జపాన్ మీసమని ఒకరి గోల, కిందికి వాలనిస్తే ఇంకొకరి గోల. చివరికి విసిగి సమంగా కత్తిరించుకున్నానని 1924లో ఆయన గడ్డం మీసాల గురించి ఒక వ్యాసమే రాశాడు.

మన పిల్లిగడ్డం వాళ్ల దగ్గర మేకగడ్డం: షాన్-యాంగ్-హూ (1-2-2). పిల్లికి గడ్డం లేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో వాళ్లదే న్యాయమైన పేరనిపిస్తుంది. చెంపలూ దవడలూ చుట్టేసి చెవుల దాకా పాకిన గుబురు గడ్డం ల్వో-సాయ్-హూ (4-1-2). ల్వో అంటే చుట్టుకోవడం, సాయ్ పైన చెప్పిందే. మనవాళ్లలో చాలామందికి ఈ మాటే అతుకుతుంది, మార్కెట్లో నన్ను గుర్తుపట్టడానికి వాడిందీ ఇదే. కొసలు పైకి మెలేసిన కోర మీసమైతే చ్యావ్ హూ-జ (4, 2-0).

నాకన్నిటికన్నా నచ్చిన మాట హూ-చా (2-2). రెండు మూడు రోజుల మాసిన గడ్డం, చేత్తో రాస్తే గరగరలాడేది. చా అంటే ఏమిటో తెలుసా? కోత అయ్యాక పొలంలో మిగిలే కొయ్యకాళ్లు. మాది కంకిపాడు పక్కన పల్లెటూరు. వరి కోసిన చేలో చెప్పుల్లేకుండా నడిచినవాడికి ఈ పదం ఇంక మర్చిపోవడం కుదరదు. మొహమంతా అలా ఉంటే మాన్ ల్యెన్ హూ-చా (3-3, 2-2), అంటే మొహం నిండా కొయ్యకాళ్లు. ఇది తిట్టు కాదు, కొందరు ఆడవాళ్లు మెచ్చుకోలుగా కూడా అంటారు. శుభ్రం లేకుండా, తిండీ నిద్రా లేనట్టు కనిపిస్తే మాత్రం హూ-జ లా-చా (2-0, 1-1). అది ఎవరి గురించైనా అనొచ్చు గానీ ఎవరి మొహాన అనకూడదు.

ఒక మనిషిని వర్ణించాలంటే "అతనికి గడ్డం ఉంది" అనడం కన్నా "గడ్డం పెట్టుకుని ఉన్నాడు" అనడం సహజంగా వినబడుతుంది: తా ల్యో-జ ల్వో-సాయ్-హూ (1, 2-0, 4-1-2). ఆ ల్యో పక్కన చేరిన జ ఉన్న స్థితిని చెబుతుంది. ఇక కొలతమాటలు. మనం గుప్పెడు, పిడికెడు, చిటికెడు అన్నట్టే వాళ్లకి ప్రతిదానికీ ఒక కొలత ఉండాలి. ఒక వెంట్రుకైతే గెన్ (1). ఒక పాయ ల్యో, కానీ 3లో. ఉంచడం అన్న ల్యో 2లో. చిన్న కుచ్చు జ్వో (3). గుప్పెడు బా (3): "యీ బా బాయ్ హూ-జ" అంటే గుప్పెడు తెల్లగడ్డం, వయసు మీదపడిందని చెప్పకుండా చెప్పడం. మొహాన్నే కొలపాత్ర చేసి "యీ ల్యెన్ హూ-జ", మొహమెడు గడ్డం అనీ అంటారు. సన్నటి చిన్న మీసానికి ఇంకా అందంగా, "ల్యాంగ్ ప్యె శ్యావ్ హూ-జ" (3-3-3, 2-0). ప్యె అనేది రాతలో ఎడమకి జారే గీత పేరు. కుంచెతో రెండు గీతలు గీసినంత మీసం అన్నమాట.

హూ-జ అన్న మాట ఎక్కణ్నుంచి వచ్చిందని నాకు చైనీస్ నేర్పిన రిటైర్డు టీచరుని అడిగాను. హూ అన్న అక్షరానికి సుమారు 1900 ఏళ్ల నాటి నిఘంటువు ఇచ్చిన అర్థం, ఎద్దు మెడ కింద వేలాడేది అని. గంగడోలు! ఒంగోలు గిత్త ఫొటో తీసి చూపిస్తే ఆవిడ బల్ల మీద కొట్టి నవ్వింది. గడ్డం కింద వేలాడేది కాబట్టి తర్వాత్తర్వాత గడ్డమైంది. అదే అక్షరం ఉత్తరాన, పడమరన ఉండే పరాయి జాతులకీ వాడారు. అందుకే మిరియాలు హూ-జ్యావ్ (2-1) అయ్యాయి, పరదేశపు కారం. హూ-ష్వో (2-1) అంటే మాత్రం అడ్డదిడ్డంగా మాట్లాడ్డం. బేరంలో మీ ధర విని అవతలివాడు హూ-ష్వో అంటే మీ గడ్డం గురించి కాదు, గాభరాపడకండి.

పాత పుస్తకాల్లో చైనీస్‌వాళ్లూ మనలాగే విడదీశారు. మనకంటే ఒకటి ఎక్కువే. పై పెదవి మీదిది జ్ (1), గడ్డం మీదిది శ్యూ (1), చెంపల మీదిది రాన్ (2). శ్యూ రాతని చూస్తే మూడు వాలు వెంట్రుకలు, పక్కన తల బొమ్మ. మిగతా రెండింటికీ నెత్తిన ఒకే గుర్తు ఉంటుంది, పొడుగాటి జుట్టుకి సంబంధించినదని చెప్పే గుర్తు. వీటిలో జ్ మాటల్లో వినబడదు, వదిలెయ్యండి. శ్యూ మాత్రం తప్పదు, రేజరు పెట్టె మీద ఉంటుంది: తీ-శ్యూ-దావ్ (4-1-1). మాట్లాడేటప్పుడు గ్వా-హూ-దావ్ (1-2-1) అన్నా చాలు.

మన మొక్కజొన్న పొత్తు మీది పీచు కూడా వాళ్లకి శ్యూయే. యూ-మీ-శ్యూ (4-3-1), ఎండబెట్టి టీ కాచుకుంటారు. పీచుమిఠాయిలా తెల్లగా సన్నటి దారాలు లాగి చుట్టే మిఠాయి లోంగ్-శ్యూ-తాంగ్ (2-1-2), డ్రాగన్ గడ్డం మిఠాయి. రొయ్య మీసాలూ శ్యూయే.

రాన్ అన్న మాట మాత్రం గ్వాన్ యూ సొంతం. చైనావాళ్ల పాత నవల మూడు రాజ్యాల కథలో ఎర్రటి మొహం, పొట్ట దాకా గడ్డం ఉన్న ఆ వీరుడి బొమ్మ ఈవూలో ప్రతి రెండో షాపులో అగరొత్తుల మధ్య ఉంటుంది, వ్యాపారులకి ఆయన సంపదల దేవుడు కూడా. ఆయన బిరుదు మెయ్-రాన్-గోంగ్ (3-2-1), అందమైన గడ్డం దొర. కథలో త్సావ్ త్సావ్ అనే సేనాధిపతి ఆయన గడ్డం కోసం ప్రత్యేకంగా సంచి కుట్టించి ఇస్తాడు. సరుకు బాగా ఇచ్చే ఒక ముసలి షాపాయన గడ్డాన్ని ఆ బిరుదుతో పొగిడాను. ఆ ట్రిప్పులో ఆయన రేటు తగ్గించలేదు గానీ టీ మాత్రం మంచిది పోశాడు. అదే త్సావ్ త్సావ్ ఒక యుద్ధంలో పారిపోతుంటే వెనక నుంచి "ఎర్ర అంగీవాడే త్సావ్ త్సావ్!" అని అరుస్తారు. అంగీ విప్పి పారేస్తాడు. "పొడుగు గడ్డంవాడే!" అని అరుస్తారు. కత్తి తీసి గడ్డం కోసేసుకుంటాడు. "పొట్టి గడ్డంవాడే!" అని మళ్లీ అరుపు. జెండా గుడ్డ చింపి మెడకి చుట్టుకుని గుర్రం తోలుతాడు. ఏదో విధంగా ప్రాణం దక్కించుకుని పరిగెత్తడాన్ని ఇప్పటికీ గ-శ్యూ చీ-పావ్ (1-1, 4-2) అంటారు, గడ్డం కోసి అంగీ పారేసి అని.

జాతీయాల దగ్గరికి వస్తే మన పౌరుషం అక్కడ కొంచెం నిరాశపడుతుంది. మీసం మెలేసి సవాలు చెయ్యడానికి వాళ్లకి సరిపడే మాట నాకు దొరకలేదు. వాళ్ల పెద్దమనిషి గడ్డాన్ని పైనుంచి కిందికి నిమురుతాడు, ల్యూ హూ-జ (3, 2-0). ఆలోచనకో తృప్తికో అది గుర్తు. కోపమొస్తే మాత్రం "చ్వీ హూ-జ దెంగ్ యెన్" (1, 2-0, 4-3), గడ్డం ఎగరేలా ఊది కళ్లు ఉరిమి చూడ్డం. ఇది ముసలాళ్ల కోపం మీద కొంచెం వెక్కిరింపుగా వాడే మాట.

నాకు అన్నిటికన్నా ముందు తగిలింది ఇది: "జ్వీ షాంగ్ మెయ్ మావ్, బాన్-ష్ర్ బూ లావ్" (3-4-2-2, 4-4-4-2). మూతి మీద వెంట్రుక లేనివాడి పని నమ్మకం కాదు అని. నూనూగు మీసాలవాడికి ఏం తెలుసు అని మనమన్నట్టే. మీసం పోయిన వారంలో ఒక గోడౌను యజమాని నన్ను పైకీ కిందికీ చూసి ఇదే అన్నాడు. అర్థం తెలిసింది మూడేళ్ల తర్వాత.

ఏది ముందో ఏది వెనకో చూసుకోకుండా అన్నీ ఒక్కసారి మీదేసుకునేవాణ్ని "మెయ్-మావ్ హూ-జ యీ బా జ్వా" (2-0, 2-0, 4-3-1) అంటారు. కనుబొమలూ గడ్డమూ ఒకే గుప్పెట పట్టాడని. కాకా పట్టడానికి ల్యో-శ్యూ పాయ్-మా (1-1, 1-3), గడ్డం నిమిరి గుర్రాన్ని తట్టడం. సోంగ్ రాజుల కాలంలో విందులో ప్రధానమంత్రి గడ్డానికి పులుసు అంటితే కింది మంత్రి లేచి మెల్లగా తుడిచాడట, ఆ కథ నుంచి వచ్చింది. మగవాళ్లందరినీ కలిపి శ్యూ-మెయ్ (1-2), గడ్డం-కనుబొమ అంటారు. ఆడవాళ్లు మగవాళ్లకి తీసిపోరని చెప్పే మాటల్లో అది తరచూ వస్తుంది.

ఒక్క పదబంధం మాత్రం గౌరవంగా నేర్చుకోవాలి: శ్యూ-శ్యూ మింగ్-జ్ర్ (4-1, 2-4), గడ్డం పెంచి సంకల్పం చాటడం. మెయ్ లాన్‌ఫాంగ్ అని పెకింగ్ ఒపేరాలో మన స్థానం నరసింహారావు గారిలా స్త్రీ పాత్రలకి పేరు మోసిన నటుడు. జపాన్ ఆక్రమణలో వాళ్ల కోసం ఆడనని మీసం పెంచాడు. మీసంతో ఆడ వేషం ఎలా వేయిస్తారు? 1945లో జపాన్ లొంగిపోయాకే గీసుకున్నాడు. ఇక్కడ నేను మీసం అని రాసింది కూడా ఫొటోలు చూసే. చైనీస్ మాటలో అది మీసమో గడ్డమో తెలీదు.

పిలుపుల సంగతి ఒక్క మాటలో: దా హూ-జ (4, 2-0), పెద్దగడ్డం అన్నది చనువు ఉన్నవాళ్ల మధ్య ముద్దుపేరు. కొత్తవాళ్లని మీరు పిలవకండి. మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే కోపం తెచ్చుకోకండి. ఈశాన్య చైనా పాతకాలపు కథల్లో హూ-జ అంటే బందిపోటు అని కూడా ఉంది, అక్కడివాళ్లతో కొంచెం చూసుకోండి.

క్షవరానికి వెళ్లేముందు వాళ్ల కాలెండరు కూడా చూసుకోండి. చాంద్రమాన కొత్త సంవత్సరం మొదటి నెలలో జుట్టు తీయించుకుంటే మేనమామకి ముప్పు అని నమ్మకం. పై పళ్లు ముందొస్తే మేనమామకి గండమని భయపడే ఇంట్లో పెరిగాను కాబట్టి నాకు విడ్డూరమనిపించలేదు. రెండో ఏడు ఆ నెలలోనే జుట్టు పెరిగిపోయి సందు చివరి ముసలాయన దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే, "నీకు జ్యో-జ్యో (4-0) ఉన్నాడా?" అన్నాడు. అంటే మేనమామ. ఉన్నాడు, ఆయన సరుకు కోసమే మీ ఊళ్లో ఉన్నానన్నాను. కత్తెర తీసి సొరుగులో పెట్టేశాడు. తువ్వాలు దులిపి, వేలితో తన పై పెదవి తట్టి చూపిస్తూ అడిగాడు: "షాంగ్-మ్యెన్ ద ల్యో-జ?"